బేక్‌వెల్ దగ్గర మూడు రాత్రులు: ఎక్కడ తినాలి, ఎటు తిరగాలి

ఇంగ్లండ్ పల్లెల్లో వంటగది ఎన్నింటికి కట్టేస్తారో కనుక్కోకుండా ఊళ్లు చూడటానికి బయల్దేరకూడదు. మొదటిసారి డెర్బీషైర్ వెళ్లినప్పుడు మాకిది తెలియదు. జూన్ నెల, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే. ఇంకా పొద్దుంది కదా అని నింపాదిగా గుట్ట దిగి, తొమ్మిది దాటిన అయిదు నిమిషాలకు ఒక పబ్బులో కాలు పెట్టాం. లోపల నిండా జనం, నవ్వులు, గ్లాసుల చప్పుడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి మాత్రం ఎంతో మర్యాదగా, "కిచెన్ మూసేశామండీ, క్రిస్ప్స్ ప్యాకెట్లున్నాయి, ఇవ్వమంటారా?" అంది. తెనాలి నుంచి వచ్చిన అమ్మా నాన్నా, మేమిద్దరం, పిల్లలిద్దరు. ఆరుగురం హోటల్ గదిలో మంచాల మీద కూర్చుని, దారికని అమ్మ కలిపి పెట్టిన పులిహోరతో ఆ రాత్రి గట్టెక్కాం.

అందుకే ఇక్కడ తిండి సంగతి ముందు, తిరుగుడు తర్వాత. డెర్బీషైర్ వైపు పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల ప్రాంతంలో, బేక్‌వెల్ ఊరి చుట్టుపక్కల ఏదో ఒక పాత బంగళా హోటల్లో రెండు మూడు రాత్రులు ఉండబోతున్నారనుకుని రాస్తున్నాను. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ ఇదే, 1951లో ఏర్పడింది. నేషనల్ పార్క్ అనగానే కంచె, గేటు, జీపులో సఫారీ ఊహించుకోకండి. ఊళ్లు, పొలాలు, గొర్రెలు, సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు అన్నీ అందులోనే ఉంటాయి. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. మాంచెస్టర్, షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్‌లలో ఉండే మనవాళ్లకు కారులో గంట, మహా అయితే గంటన్నర దూరం. బేక్‌వెల్‌కి రైలు లేదు. కారు లేనివాళ్లు షెఫీల్డ్ నుంచో డెర్బీ నుంచో బస్సులో రావచ్చు. కానీ పెద్దవాళ్లతో అయితే కారే నయం.

హోటల్ భోజనమా, పబ్బు భోజనమా

గది బుక్ చేసేటప్పుడే రెండు ధరలు కనిపిస్తాయి. ఒకదాంట్లో గది, పొద్దుటి టిఫిన్. రెండోదాంట్లో వాటితోపాటు రాత్రి డిన్నర్ కూడా. రెండోది చూడగానే, అన్నీ ఒకేచోట అయిపోతాయి, టెన్షన్ ఉండదు అనిపిస్తుంది. కాస్త ఆగి లెక్క వేసుకోండి. ఇలాంటి హోటళ్లలో మూడు కోర్సుల డిన్నర్ మనిషికి సుమారు 45 నుంచి 65 పౌండ్లు. పబ్బులో ఒక మెయిన్ డిష్ 16 నుంచి 22 పౌండ్లలో వస్తుంది, ఆ ఒక్క పళ్లెంతోనే కడుపు నిండిపోతుంది. హోటల్ బిల్లులో 10 నుంచి 12.5 శాతం సర్వీస్ చార్జి కలిసి రావచ్చు. అది మన ఇష్టం, వద్దంటే తీసేస్తారు. ఇక డిన్నర్ కలిపిన ప్యాకేజీ అంటే మెనూలో ఏది పడితే అది అని కాదు. కొన్నిచోట్ల మనిషికి ఇన్ని పౌండ్ల వరకు అని పరిమితి ఉంటుంది, దాటితే పైడబ్బు మనమే కట్టాలి. బుక్ చేసే ముందు ఈ మాట ఒక్కటి ఈమెయిల్లో అడిగి జవాబు రాతపూర్వకంగా దగ్గర పెట్టుకోండి.

మూడు రాత్రులకూ హోటల్ డిన్నర్ కట్టడం మాత్రం శాకాహారులకు శుద్ధ దండగ. మెనూలో వాళ్లకని ఒకటో రెండో ఉంటాయి. మొదటిరోజు మష్రూమ్ రిసొట్టో బాగానే ఉంటుంది. రెండోరోజు మళ్లీ అదే. మూడోరోజు ఆవకాయ గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

అలాగని హోటల్ డిన్నర్‌ని పూర్తిగా వదలమననూ లేను. రెండు రాత్రులు దానికి తగినవి. ఒకటి, చేరిన రోజు రాత్రి. శుక్రవారం ఆఫీసు ముగించుకుని, మోటర్‌వే ట్రాఫిక్ దాటి, చివర్లో ఎదురుగా కారొస్తే ఒకరు వెనక్కి తీయాల్సినంత సన్నటి సందుల్లో నడుపుకుంటూ వస్తారు. మళ్లీ చీకట్లో పబ్బు వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? రెండోది, ఆదివారం రాత్రి. ఎక్కువ పబ్బుల్లో ఆదివారం మధ్యాహ్నమంతా రోస్ట్ (కాల్చిన మాంసం, దుంపలు, గ్రేవీ ఉండే భోజనం) వడ్డించి, సాయంత్రం నాలుగు, అయిదింటికల్లా పొయ్యి ఆర్పేస్తారు. తాగడానికి తలుపులు తెరిచే ఉంటాయి, తినడానికి ఏమీ ఉండదు. కొన్ని పబ్బుల్లో సోమ, మంగళవారాల్లో కూడా వంట ఉండదు. మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర, రాత్రి ఆరు నుంచి ఎనిమిదిన్నర, లేదా తొమ్మిది. ఇదే లెక్క అనుకుని, ఏడింటికి టేబుల్ చెప్పుకోండి. శనివారం రాత్రికైతే వారం ముందే ఫోన్ చేయాలి.

మన పెద్దవాళ్లకు పబ్బు అనగానే సారా కొట్టు గుర్తొస్తుంది. మా నాన్నగారు మొదటిసారి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. లోపల ఒక మూల ముసలి దంపతులు సూప్ తాగుతూ, ఇంకో మూల పసిపాప ఎత్తు కుర్చీలో బఠాణీలు నలుపుతూ కనిపించాక గానీ అడుగు వేయలేదు. పల్లెటూరి పబ్బు ఒకరకంగా ఊరి రచ్చబండ, దానికి ఓ వంటగది ఉంటుంది, అంతే. మందు తాగకపోతే ఎవరూ వింతగా చూడరు. మంచినీళ్లు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని అక్కడి లైసెన్సు నియమమే ఉంది. చాలాచోట్ల మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి టేబుల్ నంబర్ చెప్పి ఆర్డర్ ఇవ్వాలి. కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. ఒక్క ఇబ్బంది, కుక్కలు. పీక్ డిస్ట్రిక్ట్‌లో నడకకు వచ్చే ప్రతివాడి వెంటా ఒకటుంటుంది, తడిసిన ఒంటితో టేబుల్ కింద పడుకుని ఉంటుంది. అమ్మలాగా కుక్కంటే ముడుచుకుపోయేవాళ్లుంటే, బుక్ చేసేటప్పుడే కుక్కలు రాని గది ఉందేమో అడగండి.

గుడ్డు తినని శాకాహారి అయితే

ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అన్న మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. గుడ్డు వద్దంటే వీగన్ మెనూ అడగడం తేలిక, కాకపోతే అందులో పాలు, నెయ్యి, చీజ్ కూడా పోతాయి. లేదా "వెజిటేరియన్, గుడ్డు లేకుండా" అని రెండూ విడమరిచి చెప్పండి. 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి ఏ వంటకంలో ఉన్నాయో చెప్పడం హోటళ్లకు చట్టప్రకారం తప్పనిసరి, గుడ్డు ఆ జాబితాలో ఉంది. కాబట్టి గుడ్డు గురించి అడిగితే కచ్చితమైన జవాబు వస్తుంది.

పైకి కూరగాయలా కనిపించి లోపల కానివి కొన్ని ఉన్నాయి. బంగాళాదుంప చిప్స్‌ను (అక్కడ చిప్స్ అంటే మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేవి) కొన్ని దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. రోస్ట్ పొటాటోలకు బాతు కొవ్వు, గ్రేవీకి మాంసం రసం, రోస్ట్ పక్కన పెట్టే యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డుతోపాటు ఒక్కోసారి అదే డ్రిప్పింగ్. వూస్టర్ సాస్‌లో చేపలుంటాయి. మాంసం తిన్నా గొడ్డుమాంసం తిననివాళ్లు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది: కాటేజ్ పై అంటే గొడ్డుమాంసం, షెపర్డ్స్ పై అంటే గొర్రెమాంసం. పేర్లు చూస్తే రెంటికీ తేడా తెలియదు.

పొద్దుటి టిఫిన్‌లో మాత్రం మనకో చుట్టం దొరుకుతుంది. ఫుల్ ఇంగ్లిష్ పళ్లెంలో సాసేజ్, బేకన్, పంది రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్ మామూలే. దాని పక్కనే డెర్బీషైర్ ఓట్‌కేక్ ఉందేమో అడగండి. పేరు కేక్ గానీ నిజానికి అది అట్టు. ఓట్స్ పిండిని ఈస్ట్ వేసి పులియబెట్టి, పెనం మీద పోసి కాలుస్తారు. పైన చీజ్, మష్రూమ్, టమాటా వేయించుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. అమ్మ దాన్ని తుంచి చూసి, "ఇంకాస్త పలచగా పోస్తే మన దిబ్బరొట్టెకీ దోసెకీ మధ్యలో ఉండేది" అంది.

రోస్టా, ఆఫ్టర్‌నూన్ టీయా అని చాలామంది అడుగుతారు. మాంసం తినేవాళ్లుంటే ఆదివారం రోస్ట్‌కే నా ఓటు. 18 నుంచి 25 పౌండ్లలో అది పూర్తి భోజనం. ఆఫ్టర్‌నూన్ టీ అంటే మూడంతస్తుల స్టాండు మీద చిన్న శాండ్‌విచ్‌లు, స్కోన్లు అనే చిన్న రొట్టెలు, కేకులు, 25 నుంచి 40 పౌండ్లు. ఫొటోలకు బాగుంటుంది. తిన్నాక మాత్రం తీపి మొహం మొత్తి, ఇంటికెళ్లి కాస్త మిరపకాయ బజ్జీ దొరికితే బాగుండు అనిపిస్తుంది. ఆ ముచ్చట తీరడానికి క్రీమ్ టీ చాలు. ఒక టీ, స్కోన్, జామ్, గడ్డ మీగడ, పది పౌండ్ల లోపో కాస్త అటూఇటూనో.

చాట్స్‌వర్త్, హాడన్: రెండూ ఒకే రోజు వద్దు

బేక్‌వెల్ నుంచి చాట్స్‌వర్త్ హౌస్ నాలుగు మైళ్లు, హాడన్ హాల్ రెండు మైళ్లు. దగ్గరే కదా అని రెండూ ఒకే రోజులో కుక్కేస్తారు. రెండోది చూసేసరికి కాళ్లు పీకుతుంటాయి, గదులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

చాట్స్‌వర్త్ డెవన్‌షైర్ డ్యూక్‌ల ఇల్లు. పాతికకు పైగా గదులు, పైకప్పుల నిండా బొమ్మలు, 105 ఎకరాల తోట. ఇల్లూ తోటా కలిపిన టికెట్ ఒకటి, తోటకు మాత్రమే ఇంకొకటి. ఎండ కాసే రోజున నాకైతే తోట టికెట్టే చాలనిపిస్తుంది. అక్కడి ఎంపరర్ ఫౌంటెన్‌ను 1844లో కట్టారు. రష్యా చక్రవర్తి చూడటానికొస్తాడని హడావిడిగా పూర్తి చేస్తే, ఆయన రానే లేదు. దానికి పంపు లేదు. కొండ మీద చెరువు తవ్వి, అక్కణ్నుంచి గొట్టంలో దిగే నీటి బరువుతోనే చిమ్ముతుంది. కాలువల కింద సేద్యం చేసిన నాన్నగారు ఇంటి లోపలి బొమ్మల కన్నా దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

ఇంకో సంగతి మన కడప, అనంతపురం వాళ్లకు చెప్పాల్సింది. ఆ ఫౌంటెన్ కట్టించిన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టనే 1830ల్లో మారిషస్ నుంచి వచ్చిన ఒక అరటి మొక్కను ఇక్కడి గాజు ఇంట్లో పెంచి కాయించాడు. డ్యూక్ ఇంటిపేరు కావెండిష్. ఆ అరటికి ఆ పేరే పెట్టారు. ఇవాళ పులివెందుల తోటల నుంచి లారీలకెత్తే గ్రాండ్ నైన్ అరటి ఆ కావెండిష్ కుటుంబంలోదే. చలిదేశంలో ఒక దొర ఇంటిపేరు, రాయలసీమలో ఒక గెల.

హాడన్ హాల్ దీనికి పూర్తిగా వేరు. మధ్యయుగాల నాటి ఇల్లు. 1700ల నుంచి సుమారు రెండు వందల ఏళ్లు ఎవరూ కాపురం లేక అలాగే ఉండిపోయింది. అందుకే కొత్త హంగులేవీ దాని మీద పడలేదు. వంటగదిలో కత్తి గాట్లతో అరిగిపోయిన చెక్కలు, వంకరటింకర నేల, కిటికీ కింద వై నది, మెట్లు మెట్లుగా గులాబీ తోట. గంటన్నర, రెండు గంటల్లో నింపాదిగా చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎగుడుదిగుడు నేల కాస్త కష్టమే. చిన్నపిల్లలుంటే చాట్స్‌వర్త్, అక్కడ మేకలు, ఆవులు ఉండే ఫార్మ్‌యార్డ్, ఆటస్థలం ఉన్నాయి. పిల్లలు లేకపోతే, గుంపు నచ్చకపోతే హాడన్. రెంటిలో ఒకటే అంటే నేను హాడన్‌కే వెళ్తాను. మా పిల్లలు ఒప్పుకోరు, అది వేరే సంగతి. చలికాలంలో రెండూ కొన్నాళ్లు మూసి ఉంటాయి, తేదీలు చూసుకోండి. చాట్స్‌వర్త్ చుట్టూ ఉన్న పార్కులో జింకల మధ్య నడవడానికి మాత్రం ఎప్పుడైనా టికెట్ లేదు, పార్కింగుకే డబ్బు.

గుట్ట, గుహ, పాత రైలు దారి

మామ్ టార్ గుట్ట ఎత్తు 517 మీటర్లు అని చదివి భయపడకండి. కారు సగం పైదాకా వెళ్తుంది. పార్కింగ్ దగ్గర్నుంచి రాళ్లు పరిచిన మెట్ల దారిలో ఇరవై నిమిషాల్లో పైకి చేరతారు. ఆ కష్టానికి దక్కే దృశ్యం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఒకవైపు ఈడేల్ లోయ, ఇంకోవైపు కాసిల్టన్, మధ్యలో సన్నటి వీపులాంటి గట్టు. కొండ తూర్పు ముఖం ఇప్పటికీ జారుతూనే ఉంటుంది. కింద వేసిన రోడ్డు పదేపదే విరిగిపోతే విసిగిపోయి 1979లో వదిలేశారు. మడతలు పడ్డ ఆ తారు రోడ్డు మీద ఇప్పుడు నడవచ్చు, మా పిల్లలకు గుట్ట కన్నా అదే నచ్చింది. శని, ఆదివారాల్లో పార్కింగ్ తొమ్మిదిన్నర, పదింటికే నిండిపోతుంది. గాలి మాత్రం జూన్‌లోనూ చెవులు కోస్తుంది. చీర కట్టుకున్న అమ్మ పైదాకా ఎక్కింది, కానీ స్వెటర్ మీద రెయిన్‌కోటు, కాళ్లకు నా స్పోర్ట్స్ షూస్.

వాన పడితే కాసిల్టన్ గుహలు. చూడటానికి తెరిచినవి నాలుగు. బ్లూ జాన్ అనే ఊదా, పసుపు చారల రాయి దొరికేది ఇక్కడే. బ్లూ జాన్ గుహలో దిగడానికి రెండు వందలకు పైగా మెట్లు, మళ్లీ అన్నీ ఎక్కాలి. స్పీడ్‌వెల్‌లో వందకు పైగా మెట్లు దిగాక పాత సీసం గని సొరంగంలో పడవ ఎక్కిస్తారు. ఇరుకు పడనివాళ్లకు అది వద్దే వద్దు. పెద్దవాళ్లతో అయితే పీక్ కావర్న్ మేలు. దాని ముఖద్వారం ఎంత పెద్దదంటే, ఒకప్పుడు తాళ్లు పేనేవాళ్లు అందులోనే ఇళ్లు కట్టుకుని బతికారు. నాలుగూ చూడాల్సిన పని లేదు. ఒకటి చూసి బయటపడి వేడి సూప్ తాగండి. బేక్‌వెల్ నుంచి కాసిల్టన్ పన్నెండు మైళ్ల పైచిలుకు. చిన్న దూరమే, కానీ సందుల్లో నలభై నిమిషాలు పట్టొచ్చు. రాత్రి ఏడింటికి టేబుల్ చెప్పుకుని ఉంటే అయిదున్నరకు అక్కణ్నుంచి కదలాలి.

నడవాలి కానీ ఎక్కలేం అనేవాళ్లకు మాన్సల్ ట్రైల్. 1968లో మూతపడిన రైలు మార్గం, ఎనిమిదిన్నర మైళ్లు, దాదాపు చదును. 2011లో సొరంగాలు కూడా తెరిచారు, పగటిపూట దీపాలు వెలుగుతాయి. వీల్‌చైరు, పిల్లల బండి, అద్దె సైకిలు అన్నీ వెళ్తాయి. నది మీదుగా ఎత్తుగా సాగే హెడ్‌స్టోన్ వంతెన దాకా వెళ్లి వెనక్కి రావడం ఒక పూట పని. ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదికీ సరిపడే చోటు ఏదంటే ఇదే చెప్తాను.

మ్యాట్‌లాక్ బాత్ గురించి పెద్దగా చెప్పను. సముద్రం లేని బీచ్ ఊరిలా ఉంటుంది, చేపలు, చిప్స్, ఆదివారం మోటార్‌సైకిళ్ల రొద. లోయ దాటించే కేబుల్ కార్ పిల్లలకు సరదా. కానీ అక్కడి దాకా వెళ్తే ఒక మైలు ముందుకు వెళ్లి క్రామ్‌ఫర్డ్ చూడండి. మనకు ఆ ఊరితో పాత లెక్క ఉంది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నూలు వడికే మిల్లు అక్కడే పెట్టాడు. అంతకు నూటయాభై ఏళ్ల పైనుంచే, 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నది మొదలు, ఇంగ్లిషువాళ్లు మన తీరపు అద్దకం బట్టలు ఓడలకెత్తుకుపోయేవారు. వాటికి అక్కడి జనం ఎంత ఎగబడ్డారంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి 1721లో అద్దకపు నూలు బట్టల్నే నిషేధించారు. 1774లో తమ దేశంలో నేసిన నూలు బట్టకు ఆ నిషేధం ఎత్తేశారు, అందుకోసం పార్లమెంటును కదిపినవాడు ఆర్క్‌రైటే. ఆ తర్వాత మన మగ్గాలకు ఏం జరిగిందో మనకు తెలుసు. 2001 నుంచి ఆ మిల్లులున్న డెర్వెంట్ లోయ యునెస్కో వారసత్వ ప్రదేశం. చీరాల వైపు వాళ్లు వస్తే నేను చాట్స్‌వర్త్ కన్నా ముందు ఇక్కడికే తీసుకెళ్తాను.

ఒక పూట మిగిలితే ఈమ్. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన బట్టల మూటతో ఆ ఊళ్లోకి ప్లేగు దిగింది. పక్క ఊళ్లకు పాకకూడదని 1666లో చర్చి గురువు మాట మీద ఊరంతా తలుపులు బిగించుకుంది. సుమారు 260 మంది పోయారని చెబుతారు. ఊరి బయట గుంటలున్న ఒక రాయి ఉంది. ఆ గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి పెడితే, బయటివాళ్లు తిండి వదిలి డబ్బు తీసుకెళ్లేవారు. కోవిడ్ రోజుల్లో గుమ్మం ముందు కూరగాయల సంచి పెట్టి వెళ్లినవాళ్లు గుర్తొచ్చి అమ్మ ఆ రాయి దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. చిన్నపిల్లలకు ఇక్కడ చూడటానికి ఏమీ ఉండదు.

మేము రెండోసారి వెళ్లినప్పుడు ఇలా సర్దుకున్నాం. శుక్రవారం రాత్రి హోటల్లోనే భోజనం. శనివారం తొమ్మిదింటికల్లా మామ్ టార్, తర్వాత కాసిల్టన్‌లో ఒక గుహ, ఏడింటికి పబ్బు. ఆదివారం పొద్దున మాన్సల్ ట్రైల్, ఒంటిగంటకు రోస్ట్, మధ్యాహ్నం హాడన్, రాత్రి హోటల్లో సూపూ బ్రెడ్డూ. సోమవారం బేక్‌వెల్‌లో సంత ఉంటుంది, అది చూసుకుని ఇంటిదారి.

సంతకు వెళ్తే పుడ్డింగా, టార్టా అన్న ప్రశ్న తప్పదు. బయట సూపర్‌మార్కెట్లలో దొరికేది బేక్‌వెల్ టార్ట్. గట్టి అడుగు, జామ్, పైన బాదం కేకు. ఈ ఊరివాళ్లు తమదని చెప్పుకునేది పుడ్డింగ్. పొరలు పొరలుగా విచ్చుకునే పేస్ట్రీ, అందులో జామ్, దాని మీద గుడ్డూ బాదమూ కలిపిన మెత్తటి పాకం. చూడటానికి మాడినట్టు, వాలిపోయినట్టు ఉంటుంది. పుడ్డింగ్ వేడిగా అక్కడే తినాలి, కారులో తెస్తే చల్లారి జిగురవుతుంది. ఇంటికి తేవాలంటే టార్ట్ కొనండి. రెంటిలోనూ గుడ్డుంది కాబట్టి అమ్మకు గుడ్డు లేని షార్ట్‌బ్రెడ్ ప్యాకెట్ కొన్నాం. నాన్నగారు పుడ్డింగ్ ఒకటి తిని, రెండోది పొట్లం కట్టించుకున్నారు.